సబ్బు పొరలో నల్ల పట్టీ

ఇంటర్ సెకండియర్‌లో వేవ్ ఆప్టిక్స్, అంటే వెలుగుని తరంగంగా చూసే పాఠం, చదివినోళ్ళని ఎవర్నైనా అడగండి, సబ్బు బుడగకి రంగులెందుకొస్తాయంటే ఇంటర్‌ఫియరెన్స్, అంటే వెలుగు తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి కలవడం, అని టక్కున చెప్పేస్తారు. అదే పగిలిపోయే ముందు సబ్బు పొర పైభాగం నల్లగా ఎందుకైపోతాదీ అంటే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు, అసలు నల్లగా అవడం చూసినోళ్ళే తక్కువ. నాకైతే ఆ చాప్టర్ మొత్తంలో అన్నిటికంటే అందమైన సంగతి అదే.

మొన్న సెలవులకి మా అక్క కూతురు శ్రీకాకుళం నుంచి విజయనగరం మా ఇంటికి వచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టి చూపించాను. చేతికేసుకునే వెడల్పాటి గాజు ఒకటి, గిన్నెలో నీళ్ళు, అంట్లు తోమే లిక్విడ్, పొర కాసేపు నిలబడ్డానికి చిటికెడు పంచదార, అంతే. గాజుని ముంచి తీసి నిలువుగా పట్టుకోవాలి, వెనకాల నల్లగుడ్డ ఉండాలి, కిటికీ వెలుతురు పొర మీద పడి మన కంటివైపు తిరిగి రావాలి. ముందు పెద్దగా ఏం కనపడదు. నీరు కిందకి జారి పైన పల్చబడుతున్న కొద్దీ అడ్డంగా చారలు మొదలవుతాయి, గులాబీ, ఆకుపచ్చ, మళ్ళీ గులాబీ, పైనవి వెడల్పుగా కిందవి ఇరుకుగా, అన్నీ మెల్లగా కిందకి దిగుతుంటాయి. ఆ తర్వాత పైన తెల్లటి పట్టీ, దాని పైన నలుపు.

"మావయ్యా, పైన చిల్లు పడిపోనాది!" అంది.

"చిల్లు కాదమ్మా, పెన్సిల్ మొనతో అక్కడ ముట్టుకో" అన్నాను. ముట్టుకుంది, పొర మొత్తం టప్‌మని పోయింది. అంటే అక్కడ పొర ఉన్నట్టే కదా!

సంగతేటంటే, పొరకి రెండు ముఖాలు. ముందు ముఖం దగ్గర కొంచెం వెలుగు వెనక్కొస్తాది, లోపలికెళ్ళినదాంట్లో ఇంకొంచెం వెనక ముఖం దగ్గర తిరిగొస్తాది, ఈ రెండు తరంగాలూ కలిసే మన కంట్లో పడతాయి. ఒకదాని ఎత్తు మీద రెండోదాని ఎత్తు పడితే ఆ రంగు మెరుస్తాది, ఎత్తు మీద పల్లం పడితే ఆ రంగు కనపడదు. ఆకుపచ్చ తరంగదైర్ఘ్యం, అంటే ఒక ఎత్తు నుంచి తర్వాతి ఎత్తు దాకా దూరం, సుమారు 550 నానోమీటర్లు, నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షలో వంతు, కాబట్టి పొర మందం ఆ కాస్త మారినా రంగు మారిపోతాది.

మరి మందం దాదాపు సున్నా అయిపోతే రెండు తరంగాలకీ ప్రయాణంలో తేడా ఉండదు కదా, ఎత్తు మీద ఎత్తు పడి బాగా మెరవాలి కదా? మెరవదు. ఎందుకంటే గాల్లోంచి నీటి మీద తగిలి తిరిగొచ్చే తరంగం తలకిందులైపోతాది, నీట్లోంచి గాలి అంచుకి తగిలి తిరిగొచ్చేది అవ్వదు. మేకుకి కట్టిన తాడుని పైకి ఒక్క విదుపు విదిపితే ఆ ఎత్తు మేకు దాకా వెళ్ళి పల్లంగా తిరిగొస్తాది, అలాగన్నమాట. ఒకటి తలకిందులు, ఒకటి మామూలు, రెండూ కలిస్తే నలుపే. వెలుగు మాయమైపోలేదండోయ్, వెనక్కి రావాల్సింది కూడా పొర దాటి అవతలికి వెళ్ళిపోయింది.

ఈ నలుపుని న్యూటన్ కూడా చూశాడు, గాజు పలక మీద ఉబ్బెత్తు లెన్స్ పెడితే రెండిటి మధ్య పల్చటి గాలి పొర వల్ల రంగు వలయాలొస్తాయి, వాటి నడిమిన వచ్చే నల్లచుక్క ఇదే. కానీ తలకిందులవడమే కారణమని ఎలా నమ్మాలి? 1802లో థామస్ యంగ్ అనే ఇంగ్లాండు శాస్త్రవేత్త చేసిన పని చూడండి. ఒకవైపు క్రౌన్ గాజు, ఇంకోవైపు అంతకంటే వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుతాదో చెప్పే అంకె) ఎక్కువున్న ఫ్లింట్ గాజు, మధ్యలో గాలికి బదులు ఆ రెండిటికీ నడిమి గుణకం ఉన్న సాసఫ్రాస్ అనే చెట్టు నూనె చుక్క వేశాడు. గుణకం తక్కువున్నదాంట్లోంచి ఎక్కువున్నదానికి తగిలితేనే తరంగం తలకిందులవుతాది కాబట్టి ఇప్పుడు రెండు అంచుల దగ్గరా అది ఒకేలాగ ప్రవర్తించాలి, అంటే నలుపు పోవాలి. పోయింది, నడిమి చుక్క తెల్లగా వచ్చింది! ముందే లెక్కేసుకుని నలుపుని తెలుపు చేసి చూపించాడు, రెండొందల ఏళ్ళు దాటినా చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తాది నాకు. పైగా అదే మనిషి న్యూటన్ కొలిచి పెట్టిన వలయాల కొలతల్లోంచే ఒక్కో రంగు తరంగదైర్ఘ్యం లెక్కకట్టాడు.

కళ్ళజోడు షాపులో యాంటీ గ్లేర్ అని అడుగుతాం కదా, అదీ ఈ లెక్కే. 1938లో అమెరికాలో కేథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రవేత్త గాజు మీద బేరియం స్టియరేట్ అనే పదార్థాన్ని, అది కూడా ఒక రకం సబ్బే, ఒక్కో అణువు మందాన 44 పొరలు వేసి గాజు మెరుపు పోగొట్టింది. అక్కడ రెండు అంచుల దగ్గరా తరంగం తలకిందులవుతాది కాబట్టి నలుపు దానంతటది రాదు, పూత మందం ఆ పూత లోపలి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి, పోనూ రానూ సగం తేడా వచ్చి అప్పుడు చెల్లిపోతాది.

మీ ఇంట్లో చేస్తే ఫ్యాన్ కట్టేసి చెయ్యండి, గాలికి చారలు కలిసిపోతాయి. వీలైతే టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం చుట్టి చీకటి గదిలో కూడా చూడండి, రంగులన్నీ పోయి ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు అని లెక్కపెట్టుకునేలా వస్తాయి.