మాంజా దారంతో తీరిన చిక్కు: క్రోమోజోమ్ ఏది, జన్యువు ఏది?

నేను బీకామ్ వాణ్ని. పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం మళ్లీ తెరిచింది గ్రూప్-2 కోసం అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నాకే. పాలిటీ, ఎకానమీ ఎట్లాగో లాక్కొచ్చాను గానీ జనరల్ సైన్స్‌లో జన్యుశాస్త్రం దగ్గర బండి ఆగిపోయేది. డీఎన్ఏ, జన్యువు, క్రోమోజోమ్ మూడూ ఒకే మనిషికి మూడు ముద్దుపేర్లేమో అనుకునేవాణ్ని. నోట్సులో మూడింటికీ ఒకటే లైను: "వంశపారంపర్య లక్షణాలను మోసుకెళ్తాయి".

ఒక మాక్ టెస్టులో ఆ లైను బోర్లా పడింది. క్రోమోజోముల సంఖ్యలో తేడా వల్ల రాని జబ్బు ఏది అని ప్రశ్న, ఆప్షన్లు ఇవి: డౌన్, టర్నర్, క్లైన్‌ఫెల్టర్, సికిల్ సెల్. నేను టర్నర్ పెట్టాను. కారణమేమీ లేదు, ఆ పేరు కొత్తగా అనిపించింది, అంతే.

నా రూమ్మేట్ జువాలజీ పీజీ. పేపర్ చూసి, "పేర్లు బట్టీ పట్టినవ్ గని అసలు వస్తువు సూడలే నువ్వు" అన్నాడు. సంక్రాంతి రోజులు. డాబా మీద వాటర్ ట్యాంకు పైపుకి తెగిన పతంగి మాంజా చిక్కుకుని ఉంది (నూలుదే లెండి, చైనాది కాదు). దాన్ని బారెడు తెంపి నా హైలైటర్లతో ఒకచోట పసుపు, కొంత వదిలి ఆకుపచ్చ, ఇంకొంత వదిలి గులాబీ రంగు పూశాడు. "ఈ దారం డీఎన్ఏ. రంగు పూసిన ఒక్కో ముక్క ఒక్కో జన్యువు." తర్వాత దారాన్ని పెన్సిల్ చుట్టూ బిగించి చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇగో, ఇది క్రోమోజోమ్."

"మరి జన్యువులు క్రోమోజోమ్ మీద ఉంటాయని రాస్తారు కదా?" అన్నాను. "మీద కూసునుడు ఏంది? దారంలనే ముక్క అది!"

నా తప్పంతా ఆ "మీద" అనే మాటలోనే ఉంది. దండకి పూసలు గుచ్చినట్టు ఊహించుకున్నాను. పూస వేరు, దారం వేరు. ఇక్కడ అట్లా కాదు. జన్యువంటే డీఎన్ఏలోనే ఒక పొడవు. చాలా జన్యువుల్లో ఉండేది ఫలానా ప్రోటీన్ ఎట్లా తయారు చేయాలనే రాత. పెన్సిల్ లాంటి హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న మొత్తం దారం క్రోమోజోమ్. ఒక్క కణంలో ఇట్లాంటి దారాలన్నీ కలిపితే దాదాపు 2 మీటర్లు! పతంగి ఎగిరేటప్పుడు దారం వదులుగా ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లేటప్పుడు చరఖాకి చుడతాం. కణం కూడా పనిలో ఉన్నప్పుడు దారాన్ని వదులుగా ఉంచుకుంటుంది (దాన్నే క్రొమాటిన్ అంటారు), విభజనప్పుడు బిగించి చుడుతుంది. మైక్రోస్కోపులో క్రోమోజోములు స్పష్టంగా కనిపించేది అప్పుడే.

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పాత నోట్సు కొట్టేసి మళ్లీ రాశాను. మనకు 23 జతలు, అంటే 46 క్రోమోజోములు. ప్రోటీన్లు తయారు చేయించే జన్యువులు సుమారు 20,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఏది దేంట్లో ఉందో ఇక మర్చిపోరు. క్రోమోజోములు ఎక్కువుంటే తెలివెక్కువ అనుకోకండి, బంగాళదుంపకు 48, కుక్కకు 78. వరికి 24 మాత్రమే, జన్యువులు మాత్రం మనకంటే ఎక్కువ.

నాకు ధైర్యమిచ్చిన సంగతి ఇంకోటి. మనిషికి 48 క్రోమోజోములని శాస్త్రవేత్తలే దశాబ్దాల పాటు నమ్మారు. 46 అని 1956లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ తేల్చారు. నేను ఒక్క మాక్ టెస్టులో తప్పితే ఏమైంది!

జబ్బుల ప్రశ్నకు నేను వాడే పద్ధతి: ముందు లెక్కపెట్టు. డౌన్‌లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు, మొత్తం 47. టర్నర్‌లో రెండు లైంగిక క్రోమోజోములకు బదులు ఒక్క ఎక్సే, 45. క్లైన్‌ఫెల్టర్ ఎక్స్ఎక్స్‌వై, 47. సికిల్ సెల్‌లో లెక్క సరిగ్గా 46. 11వ క్రోమోజోమ్‌లోని ఒక్క జన్యువు రాతలో ఒక్క అక్షరం మారి, హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ అనేది వస్తుంది. దీని మీద కరెంట్ అఫైర్స్ కూడా అడగొచ్చు: జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది, లక్ష్యం 2047.

లెక్క సరిపోయిందని ప్రతిదీ జన్యు జబ్బు అనేయకండి. 5వ క్రోమోజోమ్ పొట్టి చేతిలో (అంటే దాని పొట్టి వైపు భాగంలో) ముక్క పోతే వచ్చే క్రై-డు-షా అనే జబ్బులో సంఖ్య 46 ఉంటుంది, అయినా అది క్రోమోజోమ్ లోపమే. పోయింది ఒక అక్షరం కాదు, దారం ముక్కే.

వర్ణాంధత దగ్గర నేను రెండోసారి కూడా పడ్డాను. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనిది ఎక్స్ క్రోమోజోమ్‌కి సంబంధించింది అని చదివి "క్రోమోజోమ్ జబ్బు" అని పెట్టేశాను. ఎక్స్ ఉండాల్సినన్నే ఉన్నాయి, తేడా అందులోని జన్యువుల్లో ఉంది. రూమ్మేట్ ఏమీ అనలేదు, పసుపు హైలైటర్ తీసి నా ముందు పెట్టాడు.