తాడు అతికే చోట

ఆదివారం.

పొద్దున్నే అమ్మతో ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. అమ్మ వంజరం బేరంలో పడింది. నేను జెట్టీ మీద ఒక పెద్దాయన దగ్గర ఆగిపోయాను. తెగిన నైలాన్ తాడు కొసలు రెండింటినీ విప్పి, ఒకదాని పేటలను మరొకదానిలోకి దూర్చి బిగిస్తున్నాడు.

“ముడి వేస్తే సరిపోదా తాతా?”

“ముడి దగ్గరే తెగుతుందమ్మా. పేటలు ఎంత పొడవున కలిస్తే అంత పట్టు.”

నెల రోజులుగా నా నిద్ర చెడగొడుతున్న సంగతి ఇదే. పడవల వించిలకు చుట్టే ఉక్కు తాడులో తీగ బలం, అంటే ఇంత మందానికి ఇంత అని తట్టుకునే లాగుడు, రెండు గిగాపాస్కల్‌లలోపే. కార్బన్ పరమాణువుల పొరలు చుట్టుకుని ఏర్పడే, వెంట్రుక కంటే వేల రెట్లు సన్నని కార్బన్ నానో గొట్టాలను 2000లో ఒక్కొక్కటిగా లాగి చూస్తే, పై పొర 11 నుంచి 63 గిగాపాస్కల్‌ల వరకు తట్టుకుంది. బరువు చూస్తే ఉక్కులో ఆరో వంతు! కానీ ఆ ప్రయోగంలోనే ఇంకొకటి కనిపించింది. పై పొర తెగగానే లోపలి పొరలు ఒరలోంచి కత్తి దూసినట్లు జారి వచ్చేశాయి. పొరలో కార్బన్ బంధాలు అంత గట్టివి, పొరకూ పొరకూ మధ్య ఆకర్షణ అంత బలహీనం.

గడ్డిపోచలు పేనితే ఏనుగును కట్టవచ్చంటారు. గడ్డిపోచ గరుకుగా ఉంటుంది, మెలిపెట్టిన కొద్దీ పక్కదాన్ని పట్టుకుంటుంది. ఈ గొట్టం గోడ మరీ నునుపు. పట్టు కోసం దానికి రసాయన కొక్కేలు తగిలిస్తే, తగిలించిన చోటల్లా గోడే బలహీనపడుతుంది. ఈ చిక్కు నాకు భలే ఇష్టం, కోపం కూడా. చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం వారు 2018లో సెంటీమీటర్ల పొడవున్న గొట్టాలను కట్టగా చేర్చి, అన్నిటి బిగువూ సమానం చేసి 80 గిగాపాస్కల్‌లు దాటించారు. పొడవు, సమానమైన బిగువు. తాత చేతుల్లో ఉన్నవీ అవే కదా!

ఈ గొట్టాలను ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో కలిపి ల్యాబులో నేను చేసిన ముక్కలు మాత్రం శుక్రవారం అనుకున్న దానికంటే చాలా ముందే విరిగాయి. గొట్టాలు ఉండలు కట్టాయని గైడుగారి అభిప్రాయం. ఉప్మా రవ్వలా ఉండలు కడితే బలం రాకపోగా, పగులు అక్కడే మొదలవుతుంది. నాకు మాత్రం జారుడు మీదే అనుమానం.

ఇంటికి వచ్చేసరికి పది దాటింది. అమ్మ పులుసు పెడుతుంటే నేను నోటుపుస్తకంలో పేటల బొమ్మ గీసుకున్నాను. రేపు విరిగిన ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాలి. గొట్టాలు తెగాయా, జారి బయటికి వచ్చాయా చూడాలి.