పాచి వాసన వదిలించుకోవడానికి రెండు రోజులు

చలికాలమంతా కదలకుండా ఉన్న మా ఆర్‌వీలో (వంటిల్లు, బాత్రూమ్ ఉన్న ఇల్లులాంటి బండి) మొదటి గ్లాసు నీళ్లు పట్టగానే గుప్పున పాచి వాసన. ట్యాంకు ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపాను. అయినా పోలేదు. పాచి ట్యాంకులోనే కాదు, పైపుల లోపల కూడా పట్టేస్తుంది. ఇక బ్లీచ్ తప్పలేదు.

లెక్క సులువే. 57 లీటర్లకు 60 మి.లీ. మా ట్యాంకు 150 లీటర్లు, అంటే 160 మి.లీ. దాకా. సెంటు కలపని మామూలు బ్లీచే వాడాలి. గీజర్ ముందురోజే ఆపేశాను. బాగా చల్లారాక, కుళాయి తిప్పి ప్రెషర్ పోయాకే దాని అడుగు బిరడా తీశాను. వేడి మీద తీస్తే ఒళ్లు కాలిపోతుంది. పాత నీళ్లు పోయాక బిరడా బిగించి, బ్లీచ్‌ని బకెట్ నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, మిగతాది మంచినీళ్లతో నింపాను.

తర్వాత పంపు వేసి ఒక్కో కుళాయి, చన్నీళ్లూ వేణ్నీళ్లూ, బ్లీచ్ వాసన వచ్చేదాకా వదలడం. ఇక్కడ మన ముక్కే మీటరు! బాత్రూమ్‌లో వాసన బాగానే వచ్చింది. వంటింట్లో చన్నీళ్ల వైపు ఎంతసేపు వదిలినా రాదే! బ్లీచ్ తక్కువైందేమోనని ఇంకాస్త పోయబోతుంటే మా ఆవిడ సింకు కిందికి తొంగిచూసి, "ఫిల్టర్ తీశారా?" అంది. తీయలేదు. కార్బన్ ఫిల్టర్ పనే క్లోరిన్‌ని పట్టేయడం. నేను పంపిందంతా అది మింగేస్తోంది. అది తీసేశాక నిమిషంలో వాసన వచ్చింది.

రాత్రంతా అలాగే ఉంచాను. పొద్దున్నే ఖాళీ చేసి, మంచినీళ్లతో మూడుసార్లు కడిగాను. మిగిలిన కాస్త వాసనకు వెనిగర్ పోద్దామనిపించింది కానీ ఆగాను. బ్లీచ్, వెనిగర్ కలిస్తే విషవాయువు పుడుతుంది. నాలుగోసారి నీళ్లు నింపితే ఆ వాసనా పోయింది.

కొత్త ఫిల్టర్ బిగించి, హమ్మయ్య అనుకుంటూ కాళ్లు కడుక్కుందామని బండి పక్కనున్న చిన్న తలుపు తీశాను. లోపల బయటి షవర్! దాని సంగతే మర్చిపోయాను. తిప్పగానే అదే పాచి వాసన. కొత్త ఫిల్టర్ మళ్లీ విప్పి, సగం ట్యాంకుకి 80 మి.లీ. కొలుచుకున్నాను.