ముందు రంధ్రం, తర్వాతే మిగతా పని

పొద్దున షెడ్డు తలుపు తీయగానే నిన్నటి అల్యూమినియం దిమ్మ బల్ల మీద కనిపించింది. ముఖాలన్నీ నిగనిగలాడుతున్నాయి, స్లాట్ అనే పొడవాటి కాలువ అంచులు కూడా చక్కగా వచ్చాయి. కానీ అది ఇక పనికిరాదు. 120 మి.మీ. పొడవునా వేసిన 6 మి.మీ. రంధ్రం పైన సరైన చోటే మొదలై, కింద 0.9 మి.మీ. పక్కకు తేలింది. అది వాలింది కూడా సరిగ్గా స్లాట్ ఉన్న వైపే. రెండింటి మధ్య 1.5 మి.మీ. గోడ ఉండాలి, కింది చివర 0.6 మాత్రమే మిగిలింది. ఆ రంధ్రంలోంచి గాలి ఒత్తిడితో వెళ్లాలి. అంత పల్చటి గోడను నేను నమ్మలేను.

నాలుగు గంటల పని పోయిందన్న బాధతో రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాకు పని నేర్పిన మాస్టారికి ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"దిమ్మ మొత్తం తయారయ్యాక హోల్ వేశావా?"

"అవునండీ, చివర్లో వేశాను."

"ముందు హోల్ వెయ్యి నాయనా. పక్కల్లో మెటల్ ఎక్కువ ఉంచుకో. హోల్ ఎటు పోతే దాన్ని పట్టుకుని మిగతా ముఖాలు తీసుకో."

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నాకు ఇది ఎందుకు తట్టలేదో! లోతు రంధ్రం ఎంతో కొంత పక్కకు పోయే తీరుతుంది. వ్యాసానికి 20 రెట్ల లోతు అంటే మామూలు విషయం కాదు, 5 రెట్లు దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలి. ఎటు పోతుందో ముందే తెలియని దాన్ని ఆఖరికి ఉంచుకుని, కచ్చితంగా చేయగలిగిన ముఖాలన్నీ ముందే పూర్తి చేశాను. క్రమం తిరగేసి ఉంటే నిన్నటి తప్పు తప్పే అయ్యేది కాదు.

అయినా 0.9 ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా కొత్త దిమ్మ ముట్టుకోబుద్ధి కాలేదు. మొదట మిషన్ తల, అంటే బిట్‌ను పట్టి తిప్పే పై భాగం, నిటారుగా లేదేమోనని అనుమానించాను. స్పిండిల్‌కు, అంటే బిట్‌ను తిప్పే ఇరుసుకు, సన్నటి తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్ బిగించి టేబుల్ మీద 200 మి.మీ. వ్యాసంలో చుట్టూ తిప్పితే కుడికీ ఎడమకీ 0.08 తేడా వచ్చింది. ఆ లెక్కన 120 మి.మీ. లోతుకు 0.05 దాకా పోవచ్చు. మరి మిగతా 0.85 ఎక్కడిది? తలను సరిచేసి బోల్టులు బిగించాను గానీ, అసలు దోషం అక్కడ లేదని అప్పుడే అర్థమైంది.

రంధ్రం వేసిన డ్రిల్ బిట్‌ను భూతద్దం కింద పెట్టి చూశాను. రెండు కోత అంచుల్లో ఒకటి కొంచెం పొడవుగా ఉంది, పోయిన నెల నేనే చేత్తో సానపట్టాను. అంచులు సమానంగా లేకపోతే పొడవైన అంచు ఎక్కువ మెటల్ తీస్తుంది, బిట్ పక్కకు తోసుకుపోతుంది, రంధ్రం కూడా లావవుతుంది. నిన్న చిప్స్, అంటే కోతలో వచ్చే మెటల్ తునకలు, బిట్ మీది రెండు మెలికల గాడుల్లో ఒకే గాడి నుంచి పొడుగ్గా వచ్చాయి, రెండో గాడి నుంచి పొడిపొడిగా రాలాయి. బిట్ నాకు చెబుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు.

ఇంకో పొరపాటు, బిట్ మొన నిలవడానికి సెంటర్ డ్రిల్ అనే పొట్టి పనిముట్టుతో మొదటి గుంట పెట్టడం. దాని కోణం 60 డిగ్రీలు, బిట్ మొనది 118. గుంట ఇరుగ్గా ఉండటంతో బిట్ మొన కన్నా ముందు దాని అంచుల బయటి కొనలు తగులుతాయి. బిట్ అదిరి, కుదిరిన చోట పట్టుకుని, అదే దారిలో దిగిపోతుంది. పైగా నేను తిన్నగా పొడుగు బిట్‌తోనే మొదలుపెట్టాను. 200 మి.మీ. దాటిన సన్నటి బిట్ వెదురు బద్దలా వంగుతుంది. మొదటి 10, 15 మి.మీ. లో ఎటు తిరిగితే మిగతా లోతంతా అటే పోతుంది. లోపలికి వెళ్లాక దాన్ని వెనక్కి తిప్పే దారి లేదు. రంధ్రాన్ని నునుపు చేసే రీమర్ పెట్టినా ఆ వంకర దారినే నడుస్తుంది, గట్టి బార్‌తో లోపలి గోడను కోసే బోరింగ్ ఒక్కటే దాన్ని సరిచేస్తుంది. కానీ ఇంత సన్నటి, ఇంత లోతైన రంధ్రంలోకి బోరింగ్ బార్ ఎలా పంపుతాం?

తుపాకీ గొట్టాల కోసం పుట్టిన గన్ డ్రిల్ మీద నాకు ఎప్పటి నుంచో గౌరవం. దానికి కోత అంచు ఒక్కటే ఉంటుంది. కోసేటప్పుడు పుట్టే బలం బిట్ ఒంటిని అప్పుడే తీసిన గోడకు ఆనిస్తుంది, అలా తను వేసిన రంధ్రమే తనకు ఆధారమవుతుంది. బిట్ లోపలి నుంచి ఒత్తిడితో వచ్చే కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, చిప్స్‌ను బయటికి తోసేస్తుంది. ఎవరు ఆలోచించారో గానీ చాలా అందమైన ఆలోచన. నా మిషన్‌కు ఆ ఏర్పాటు లేదు, ఉన్నవాటితోనే చేయాలి.

కొత్త దిమ్మ కూడా 6061 రకం అల్యూమినియమే. చివరలు రెండూ 120 కి తీసి, ఒక పక్క ముఖం సాఫు చేసి, మిగతా పక్కల్లో 4 మి.మీ. అదనంగా వదిలాను. వైస్‌లో నిలబెట్టి, స్పిండిల్‌లోని డయల్‌ను సాఫు ముఖానికి ఆనించి, స్పిండిల్‌ను పైకీ కిందికీ జరిపే క్విల్‌ను 100 మి.మీ. కిందికీ పైకీ నడిపాను. ముల్లు 0.02 లోపే కదిలింది. అడ్డం తిప్పి కూడా చూసి, టేబుల్ లాకులు బిగించాను.

ఈసారి మొన వెడల్పుగా ఉండే 120 డిగ్రీల స్పాట్ డ్రిల్‌తో గుంట, ఆపైన కొత్త పొట్టి బిట్‌తో 3000 ఆర్‌పీఎం మీద 20 మి.మీ. లోతు. తర్వాత మామూలు పొడవు బిట్‌తో 50 దాకా వెళ్లాను. ఆ తర్వాతే 140 మి.మీ. గాడి ఉన్న పొడుగు బిట్. దాన్ని గాల్లో వేగంగా తిప్పితే కొరడాలా ఊగుతుంది, అందుకే మిషన్ ఆపి రంధ్రంలోకి దించి, లోపల నిలిచాకే 1500 మీద ఆన్ చేశాను.

అక్కడి నుంచి అంతా చేతి పనే. 6 మి.మీ. దించడం, బిట్ పూర్తిగా బయటికి తీయడం, గాడుల్లో చిప్స్ బ్రష్‌తో దులపడం, కూలెంట్ పోయడం, మళ్లీ దించడం. అల్యూమినియం మెత్తన, వేడెక్కితే బిట్ అంచుకు అతుక్కుంటుంది. గాడి మూసుకుపోతే చిప్స్‌కు దారి ఉండదు, బిట్ ఇరుక్కుని తెగిపోతుంది. 90 దాటాక హ్యాండిల్ కొంచెం బరువనిపించింది. శబ్దం మారకపోయినా చెయ్యి ముందు పసిగట్టింది. తీసి చూస్తే ఒక గాడిలో చిప్స్ గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. అక్కడి నుంచి 3 మి.మీ. కి మించి దించలేదు. ఈ చివరి 30 మి.మీ. కి మొదటి 90 కన్నా ఎక్కువ సమయం పట్టింది. ఆ సేపంతా ఒకటే టెన్షన్. కానీ ఈసారి చిప్స్ రెండు గాడుల నుంచీ ఒకేలా చుట్టుకుని వచ్చాయి, వాటిని చూస్తుంటే ధైర్యంగా ఉండింది.

కింద తేలిన చోటు కొలిస్తే 0.14 మి.మీ. పక్కకు వచ్చింది. మూడుసార్లు కొలిచాను.

ఆ 0.14 కూడా ఇప్పుడు ఇబ్బంది కాదు. రెండు చివరల్లో బిగువుగా పట్టే పిన్నులు దిగ్గొట్టి, దిమ్మను పడుకోబెట్టి, రెండు పిన్నుల మీదా డయల్ ఒకటే చూపేదాకా మెత్తటి సుత్తితో తట్టి సర్దాను. రంధ్రం టేబుల్ కదలికకు సమాంతరంగా వచ్చింది. రెండు పక్కలు దాన్నిబట్టే తీశాను. స్లాట్ రేపు వేస్తాను, గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా 1.5 ఉంటుంది.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెబితే, "బిట్ తుడిచి దాచుకో" అన్నారు. పొడుగు బిట్‌ను శుభ్రంగా తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి, పైన "అల్యూమినియం, లోతు పని మాత్రమే, చేత్తో సానపట్టకూడదు" అని రాసి డ్రాయర్‌లో విడిగా పెట్టాను.