ఇంట్లో బుద్ధిమంతుడు, బడిలో ఒంటరివాడు

మా అబ్బాయికి మాటలు సకాలంలోనే వచ్చాయి. గ్రహాల గురించి, రైలింజన్ల గురించి ఎంతసేపైనా చెబుతాడు గానీ, ఎదుటివారు అన్నది విని దానికి తగినట్టు మాట కలపడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, విషయం మారిందని గ్రహించడం తొమ్మిదేళ్లు వచ్చినా వాడికి పట్టుబడలేదు. టెక్సస్‌లో మా ఇంటికి వచ్చే తెలుగువారికి ఇది కనిపించదు. పెద్దల ఎదుట తల దించుకుని, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చే పిల్లవాడిని మనం బుద్ధిమంతుడనే అంటాం. బడిలో అదే తీరు, కళ్లలోకి చూడడు, తోటివారిని పలకరించడు అని నివేదికకెక్కుతుంది.

ఇందులో పెంపకం పాలెంత, అసలు ఇబ్బంది ఎంత అన్నది తేల్చుకోవడానికి మేము తెలుగులో వాడి మాటతీరును గమనించాం. విజయవాడలోని పెద్దమ్మ కొడుకు వీడియో కాల్‌లో "నిన్న మ్యాచ్ చూశావా?" అని అడిగితే, మావాడు శని గ్రహపు వలయాలు దేనితో ఏర్పడ్డాయో చెప్పడం మొదలుపెట్టాడు. చిక్కు ఇంగ్లీషులో మాత్రమే ఉంటే అది కొత్త భాషది, కొత్త చోటిది అనుకోవచ్చు. రెండు భాషల్లోనూ ఉంటే సాయం అడగాల్సిందే.

అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం చేసిన 1975 నాటి చట్టం, 1990 నుంచి ఐడియా అన్న పేరుతో, ఆ సాయానికి దారి చూపుతుంది. ఉచితంగా పరీక్షించమని తల్లిదండ్రులు బడిని అడగవచ్చు. నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగడం మేలు. వీలున్నంతవరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలని కూడా ఆ చట్టం చెబుతుంది. తెలుగు తెలిసిన నిపుణులు అరుదు కనుక, ఇంట్లో వాడి సంభాషణలను రాసిపెట్టి అందించడం మాకు అక్కరకొచ్చింది. మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే గ్రంథం 2013లో వచ్చింది. అది సంభాషణలోని ఇబ్బందిని ఆటిజం నుంచి వేరుచేసి దానికొక పేరు పెట్టింది. ఒకే విషయంపై విడవని పట్టు వంటి లక్షణాలు కూడా ఉంటే ఆటిజం వైపే చూస్తారు.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్న సలహా మాకు నాలుగు వైపుల నుంచీ వచ్చింది, పుణ్యానికి వచ్చే సలహాలకు మన సమాజంలో ఎన్నడూ కొరత లేదు కదా. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషల వల్ల నష్టం జరుగుతుందని ఇంతవరకు జరిగిన పరిశోధనలు చూపలేదు. పైగా, తెలుగులో పెద్దలతో మాటకు ఒక వరస ఉంటుంది: తిన్నావా, ఏం కూర, బడి ఉందా, ఒంట్లో బాగుందా. అమ్మమ్మ ఈ ప్రశ్నలు ఎప్పుడూ ఇదే క్రమంలో అడుగుతుంది కనుక, జవాబు చెప్పాక అదే ప్రశ్న తిరిగి అడగాలని వాడికి నేర్పడం తేలికైంది. ఇప్పుడు "నువ్వేం వండావు అమ్మమ్మా?" అని అడిగి, ఆవిడ గోంగూర పచ్చడి కథంతా చెప్పేదాకా ఆగుతున్నాడు.

బడిలో భోజనాల బల్ల దగ్గర ఈ వరస పనికిరాదు. అక్కడ నలుగురు ఒకేసారి మాట్లాడతారు, వేళాకోళాలాడతారు. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అపార్థం ఇరువైపులా ఉంటుందని, తనకూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో రాసిన మాట అక్కడ నిజమనిపిస్తుంది. అందుకే ఈ ఏడాది ఐఈపీ (బడి వాడికోసం ప్రత్యేకంగా వేసే చదువు ప్రణాళిక) సమావేశంలో, వాడికి మాట నేర్పడంతో పాటు, మధ్యాహ్న భోజన వేళ ఇద్దరు ముగ్గురు పిల్లలతో చిన్న బల్ల ఏర్పాటు చేయాలనీ, వాడితో ఎలా మాట కలపాలో ఆ పిల్లలకు కూడా చెప్పాలనీ అడిగాం.