మిరప ఘాటు అనుకున్నాను

గుంటూరు మిర్చి యార్డులో ఒకడు దగ్గితే ఎవరూ తిరిగి చూడరు. అక్కడ అందరూ దగ్గుతారు. హమాలీలు, రైతులు, సరుకు చూడ్డానికి వచ్చినవాళ్ళు, చివరికి గేటు దగ్గర టీ అమ్మేవాడు కూడా. నేను అక్కడ ఒక కమీషన్ కొట్టులో పదకొండేళ్ళు గుమాస్తాగా చేశాను. సీజనులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీల కొద్దీ దిగుతుంటే కాటాలు, చీటీలు, రైతుల లెక్కలు తెమిల్చుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి పదయ్యేది. అందుకే 2025 జనవరి చివర మొదలైన దగ్గు మార్చి దాకా వదలకపోయినా తేజ రకం కాయల ఘాటే అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడితే అలసట అనుకున్నాను. నా ప్యాంట్లు జారుతున్నాయని ముందు గమనించింది మా ఆవిడే.

ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. సిరప్ మార్చారు, మాత్రలు మార్చారు, రక్తపరీక్షలు రాశారు. అంతా కలిసి 18 వేలు. కళ్ళె పరీక్ష మాత్రం రాయలేదు. ఒకరోజు పొద్దున్నే కళ్ళెలో నెత్తుటి చార కనబడింది. మా ఆవిడ ఇంకేం మాట్లాడకుండా ఆటో పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష ఉచితమని అక్కడ గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ గోడ పక్కనుంచి నేను కొన్ని వందలసార్లు బండిమీద వెళ్ళుంటాను.

టీబీ అన్నారు. బరువు చూస్తే 46 కిలోలు. సంక్రాంతికి 58 ఉన్నాను.

టీబీ అనే మాట మా ఇంట్లో పాతదే. మా తాతయ్య వాళ్ళ అన్నగారిని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పంపించారట. మిషన్ల వాళ్ళు కలిసి 1915లో తెరిచిన క్షయ శానిటోరియం అది. అప్పటికింకా మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ప్రార్థన, అంతే. ఆయన తిరిగి రాలేదు. ఊరి పేరులోనే ఆరోగ్యం ఉన్నా మా నాయనమ్మ ఆ పేరు ఎత్తినప్పుడల్లా గొంతు తగ్గించేది. మొదటి రోజు మూడు మాత్రలు అరచేతిలో పెట్టుకున్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు, బరువును బట్టి రోజుకి మూడు, మొత్తం ఆరు నెలలు. పైసా తీసుకోరు. ఆయనకి ఇవి దొరకలేదు. దేవుడు ఆయన ప్రార్థన వినలేదా, నాది విన్నాడా? ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

మొదటి రెండు నెలలు కష్టంగా గడిచాయి. పరగడుపున మాత్రలు వేసుకుంటే గంటసేపు కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడొద్దు, అది మందు రంగేనని ఆశా అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే సగం చచ్చేవాణ్ణి. పాదాలు తిమ్మిరెక్కకుండా బి6 మాత్ర వేరే ఇచ్చారు. మా చిన్నదానికి ఐదేళ్ళు నిండలేదు, దానికి కూడా ఆరు నెలలు ముందు జాగ్రత్త మందు వాడమన్నారు. "నాన్నా, నీ మాత్ర నువ్వేసుకో, నా మాత్ర నేనేసుకుంటా" అని అది నవ్వుతూ మింగేది. ఆ నవ్వు చూసినప్పుడు నాకు నామీద కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

జబ్బు ఒకవైపు, డబ్బు ఒకవైపు. "తగ్గాక చూద్దాంలేవయ్యా" అన్నాడు మా షావుకారు. వారం తిరక్కుండా నా కుర్చీలో వాళ్ళ బంధువుల కుర్రాడు కూర్చున్నాడు. 16 వేల జీతం ఆగింది. ఇంటద్దె 5,500 ఆగలేదు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి 85 వేలు తెచ్చాం, సూత్రాలు మామూలు దారానికి కట్టుకుంది. జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం మొదలుపెట్టింది. టీబీ వాళ్ళకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు, 2024 నవంబరు నుంచి నెలకు 500 బదులు 1000 చేశారు, అది గుడ్లకీ పప్పుకీ వెళ్ళేది. అయినా చిట్టీ వాయిదా మిగిలిపోయేది. రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకుని వేళ్ళమీద లెక్కలు కట్టేవాణ్ణి. పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కలన్నీ సరిచూసినవాణ్ణి, నా లెక్క మాత్రం ఎటు తిప్పినా కలవలేదు.

ఆ రోజుల్లో టీవీలో ఒక బోధకుడు వెయ్యి రూపాయలు విత్తనంగా వేస్తే, అంటే తనకి కానుకగా పంపితే, అప్పులన్నీ తీరతాయని చెబుతుంటే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు సగం కొట్టాను కూడా. మా ఆవిడ వంటింట్లోంచే, "ఆ వెయ్యికి ఎన్ని గుడ్లొస్తాయో తెలుసా?" అంది. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆమె వేదాంతం అంతకన్నా మంచిదని నా అభిప్రాయం.

బైబిల్లోని ఇరవై మూడో కీర్తన నోటికి రాని క్రైస్తవుడు మా పేటలో ఉండడు. 'యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు.' ఆ నెలల్లో నేనది చెప్పలేకపోయాను. లేమి ఇంట్లో చాప వేసుకుని కూర్చుంటే లేదని ఎలా చెప్పను?

మా చర్చి పాస్టరు అయ్యగారు ఒకరోజు వచ్చారు. పెద్ద ప్రసంగం చేస్తారేమోనని భయపడ్డాను. కాసేపు ఊరికే కూర్చుని, "బియ్యం ఎన్నాళ్ళకున్నాయి?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే మా చర్చిలో ఆదివారం కానుకలు లెక్కపెట్టేవాణ్ణి నేనే. క్రిస్మస్‌కి బీదవాళ్ళకు బియ్యం పంచే జాబితా రాసేవాణ్ణీ నేనే. "ఉన్నాయండి" అన్నాను. నాలుగు రోజులకే ఉన్నాయి. మర్నాడు స్త్రీల సమాజం వాళ్ళు పాతిక కిలోల బస్తా, కందిపప్పు, ఒక ట్రే గుడ్లు తెచ్చి గుమ్మంలో దించారు. మా ఆవిడ వందనాలు చెప్పి లోపల పెట్టింది. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

ఆ మధ్యాహ్నమే, ఉక్రోషంతోనే అనుకోండి, బైబిల్లో ఫిలిప్పీ పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, తెరిచాను. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అనే వాక్యం మా వీధిలో సగం ఆటోల వెనక ఉంటుంది. పరీక్షలు పాసవడానికి, ఉద్యోగాలు రావడానికి దాన్ని వాడతాం. దానికి ముందున్న మాటలు ఆటోమీద పట్టవు. పౌలు జైల్లో కూర్చుని, కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం రెండూ 'నేర్చుకొనియున్నాను' అంటాడు. నేర్చుకున్నాడట! అంటే మొదట రాదన్నమాట. నాకు రాకపోవడం విశ్వాసం లేకపోవడం కాదు, ఇంకా పాఠం మొదట్లో ఉన్నానంతే అనిపించింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఎపఫ్రొదితు కనబడ్డాడు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా అతన్ని పట్టించుకోలేదు. పౌలుకి ఫిలిప్పీ సంఘం పంపిన సాయం మోసుకొచ్చి, జబ్బుపడి చావు దాకా వెళ్ళినవాడు. దేవుడు అతన్ని కనికరించాడు, లేకపోతే నాకు 'దుఃఖముమీద దుఃఖము' కలిగేదని పౌలు రాశాడు. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానన్న మనిషే ఈ మాట కూడా అన్నాడు. తృప్తి అంటే ఏడవకపోవడమని నాకెవరు నేర్పారో తెలియదు. ఎవరో నేర్పే ఉంటారు. చివర్లో పౌలు, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అంటాడు. తీసుకున్నానని దాచుకోలేదు. సాయంత్రం లేచి ఆ బస్తా మూతి నేనే విప్పి డబ్బాలో పోశాను. డబ్బా నిండేలోపు రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకోవాల్సి వచ్చింది.

రెండో నెల చివర కళ్ళెలో క్రిములు లేవన్నారు. తరవాత మందులు నాలుగు నుంచి మూడుకి తగ్గాయి, తిప్పడం తగ్గింది, ఆకలి పుట్టింది. జూలైలో ఒక రాత్రి చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని రెండోసారి పెట్టించుకుంటే మా ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సెప్టెంబరు ఆఖరుకి కోర్సు పూర్తయింది. 55 కిలోలు.

కొట్టులో ఉద్యోగం తిరిగి రాలేదు. రెండు కిరాణా దుకాణాలకు సాయంత్రాలు లెక్కలు రాస్తున్నాను, పొద్దున పాల ప్యాకెట్లు వేస్తున్నాను. రెండూ కలిపి పాత జీతానికి నాలుగు వేలు తక్కువ. క్రిస్మస్‌కి ముందు అయ్యగారు చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమన్నారు. మా దగ్గర సాక్ష్యాలు మామూలుగా సొంతింటితోనో కారుతోనో ముగుస్తాయి. నేను లేచి, టీబీ తగ్గింది, అప్పు లక్షా పదివేలుంది, మీరిచ్చిన బియ్యం తిన్నాం, వందనాలు అని కూర్చున్నాను. ఒక్క క్షణం ఎవరికీ ఏం అనాలో తోచలేదు. తరవాత వెనక వరసలో ఒక ముసలాయన గట్టిగా "ఆమేన్" అన్నాడు.

మొన్న ఆదివారం అందరం కలిసి ఇరవై మూడో కీర్తన చెప్పాం. ఈసారి నేనూ ఆగకుండా చెప్పాను. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే మా ఆవిడ, "రేపు గొలుసు వడ్డీ కట్టాలి, గుర్తుందా?" అంది.

"ఉంది" అన్నాను. చిన్నది నా వేలు పట్టుకుని లాగుతోంది, ఐస్ కావాలట.