జాయిస్‌ని మాకు మీరు చెబుతారా?

సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కథల పుస్తకం 'డబ్లినర్స్'లో చివరి కథ 'ది డెడ్' చెబుతుంటే వెనక వరసలోంచి ఓ పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆ కథలో విందు జరిగే ఇల్లు డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున అషర్స్ ఐలండ్‌లో ఉంది. మా అమ్మమ్మది ఆ పక్క వీధే. మీరేమో ఇండియా నుంచి వచ్చి ఆ ఇంటి సంగతి మాకు చెబుతున్నారు!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇక్కడి ఐరిష్‌వాళ్లు తిట్టినా నవ్వుతూనే తిడతారు, ఇది తిట్టో కాదో తేలక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆధునిక ఐరిష్ సాహిత్యం చెప్పడమే నా బతుకుతెరువు. "ఐరిష్ సాహిత్యమే ఎందుకు?" అని ఇంటర్వ్యూల్లో అడిగారు, విందుల్లో ఇప్పటికీ అడుగుతారు. పక్క గదిలో ఐరిష్ కవి యేట్స్ పాఠం చెప్పే అమెరికన్‌ని మాత్రం ఎవరూ అడగరు. జాయిస్ 1904లో ఊరొదిలి ట్రియెస్ట్, జ్యూరిచ్, పారిస్‌లలో ఉంటూ డబ్లిన్ గురించి రాశాడు. ఆయన నవల 'యులిసీస్' 1922లో పుస్తకంగా వచ్చింది కూడా పారిస్‌లోనే. మరో ఐరిష్ రచయిత బెకెట్ అయితే ఏకంగా ఫ్రెంచిలోకే మారాడు. మరి వాళ్లని అడగరేం?

అసలా క్లాసులో పెద్దాయనకి మా మదనపల్లె సంగతి చెప్పాల్సింది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ 1904లో డబ్లిన్‌లోని తన ఇంట్లో జాయిస్‌కి కొన్నాళ్లు చోటిచ్చాడు. ఆ కజిన్సే తర్వాత మా ఊరి దివ్యజ్ఞాన కళాశాలకి ప్రిన్సిపాల్. 1919లో ఠాగూర్ అక్కడికొచ్చి ఉన్నప్పుడే 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చారు, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాశారు. దంపతులిద్దరూ శాకాహారులు కాబట్టి మా పప్పూ చారుతో ఇబ్బంది పడి ఉండరు (కారం సంగతి వేరు). "నువ్వెవరయ్యా మాకు చెప్పడానికి" అని మావాళ్లెవరూ అడిగి ఉండరు.

"తెల్లదొరని అడిగే ధైర్యం అప్పుడెవరికుంది?" అంటుంది మా ఆవిడ. నిజమే, కానీ ఆ రాత్రి నాకు అటువైపు ఆలోచించబుద్ధి కాలేదు.

వచ్చే టర్ములో కజిన్స్ కవితలు రెండు పాఠంగా పెడుతున్నాను. గొప్ప కవేం కాదు, జాయిసే ఆయన్ని పద్యంలో వెటకారం చేశాడు. సిలబస్ కమిటీ ఎందుకని అడుగుతుంది. అడగనీ.